మా తాత చేతి తూటా, కంపెనీ తూటా

తుపాకిమందు తూచే తక్కెడ ఎట్లా ఉంటుందో నా చిన్నప్పుడే నాకు తెలుసు. కంసాలివాళ్లు బంగారం తూచే తక్కెడ లాంటిది మా తాత ఇనపపెట్టెలో ఒకటి ఉండేది. ఆయన పటాలంలో తుపాకులు బాగుచేసే పని చేసి, పింఛను తీసుకుని సిరుగుప్ప దగ్గర మా ఊరికి తిరిగి వచ్చాడు. కాలువ కింద వరి వేసే మాకు అడవిపందుల బెడద ఎక్కువ. అందుకని లైసెన్సు తీసుకుని ఒక రైఫిలు పెట్టుకున్నాడు. ఇది డెబ్బైల చివరి మాట. అప్పుడు నాకు పదేళ్లు.

తూటాలు బళ్లారిలో కొనుక్కొచ్చేవాడు. ఒకసారి పేల్చాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని మాత్రం పారేసేవాడు కాదు. దాన్ని శుభ్రం చేసి, అడుగున నిప్పు పుట్టించే కొత్త టోపీ బిగించి, మందు తూచి పోసి, మూతికి గుండు అమర్చేవాడు. తన ముసలి భుజానికి దెబ్బ తగలకూడదని కంపెనీవాళ్ల కంటే మందు తక్కువ పోసేవాడు. ఎన్ని తూటాలు చేసినా అన్నిట్లో ఒకటే తూకం. నేను పక్కన కూర్చుని చూస్తూ ఉంటే చెప్పేవాడు.

"కంపెనీ తూటా అంగట్లో కొన్న చొక్కా మాదిరి పాపా. ఎవురి ఒంటికైనా పట్టల్ల. నాది ఈ తుపాకి ఒళ్లు కొలిచి కుట్టింది."

ఒకసారి పేలిన గొట్టం ఆ తుపాకిలో తూటా కూర్చునే గూటి కొలతకే ఉబ్బుతుందట. మళ్లీ అదే తుపాకిలో పెడితే అది కదలకుండా కూర్చుంటుంది. మందు మారితే గుండు వేగం మారుతుంది, తుపాకి అదిరే తీరు మారుతుంది, గుండు పోయే దారీ మారుతుంది. మా తాత ఆ రైఫిలు గురిని తన చేతి తూటాలకే సరిచేసి పెట్టుకున్నాడు. అందులో కంపెనీ తూటా వేసి అదే గురి చూస్తే గుండు వేరే చోట తగిలేది. ఈ సంగతి ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ఏడాది కాలువకు నీళ్లు తక్కువగా వదిలారు. మా మడులు కాలువ చివర ఉండేవి. పైమడులవాళ్లు మాకు దాయాదులే. వాళ్లు తూముకు అడ్డం వేసి నీళ్లన్నీ తిప్పుకున్నారు. ఒక పొద్దున మా చిన్నాన్న ఆ అడ్డం తీయడానికి పోతే, ఆ ఇంటి పెద్దకొడుకు పార తిప్పి కొట్టాడు. చిన్నాన్న ఇంటికి వచ్చేసరికి ఎడమ చెవి సగం తెగి వేలాడుతూ ఉంది. చొక్కా ఆ వైపంతా రక్తంతో ఒంటికి అంటుకుపోయింది. అవ్వ గుడ్డ అదమబోతే తోసేసి, ఆమె నడుముకున్న తాళంచెవుల తాడు తెంపుకున్నాడు. తాత ఎరువుల కోసం సిరుగుప్పకు పోయి ఉన్నాడు.

"వద్దురా అబ్బీ, మీ నాయిన వచ్చేదంకా ఆగు," అని అవ్వ కాళ్లకు అడ్డం పడింది.

"నాయిన వస్తే నా చెవు తిరిగొస్తాదా?" అన్నాడు. ఇనపపెట్టెలో తాత చేతి తూటాలు పక్కకు నెట్టి కంపెనీ డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. "ఇవి పందులకు. వానికి కంపెనీవే కావల్ల."

అవ్వ నన్ను పట్టుకుని, "నువ్వు పో పాపా, నిన్ను చూస్తే ఆగుతాడు," అంది. నేను పరిగెత్తాను.

నేను చేరేసరికి చిన్నాన్న కాలువగట్టు మీద బోర్లా పడుకుని ఉన్నాడు. చెవి నుంచి కారిన రక్తం రైఫిలు కర్ర మీద చుక్కలుగా పడుతూ ఉంది. నూట యాభై అడుగుల అవతల తూము దగ్గర చిన్నాన్నను కొట్టిన ఆ మనిషి పార భుజాన పెట్టుకుని ఇంకో ఇద్దరితో మాట్లాడుతున్నాడు. నేను చిన్నాన్న వెనకే నిలబడ్డాను. తుపాకి గొట్టం ఎటు చూస్తున్నదో నాకు స్పష్టంగా కనిపించింది. అది ఆ మనిషి గుండెకే చూస్తున్నది. "చిన్నాన్నా!" అని అరిచాను. నా అరుపూ ఆ మోతా ఒకేసారి వినిపించాయి.

ఆ మనిషి నిలబడే ఉన్నాడు. గుండు మాకు కుడివైపున్న అతని భుజం మీదుగా పోయింది. అతని వెనక ఎత్తు గట్టు మీద కూలి చేసే ఒకామె నెత్తిన సద్దిబుట్ట పెట్టుకుని వస్తున్నది. ముందు బుట్ట పడింది, తర్వాత ఆమె పడింది. బుట్టకు పట్టిన చేయి మోచేతి దగ్గర నుజ్జయిపోయి, చర్మం మాత్రమే పట్టుకుని ఉంది. ఆమె అరవలేదు. ఆ చేతినే చూసుకుంటూ ఉండిపోయింది.

తర్వాత ఆ ముగ్గురూ మా వైపు వచ్చారు. ఇద్దరు చిన్నాన్నను పారకర్రలతో కొట్టారు. మోకాలు విరిగిన శబ్దం నేను విన్నాను. ముందరి పళ్లు రాలి గడ్డిలో పడ్డాయి. నా ఒంటి మీద ఎవరూ చేయి వేయలేదు. మూడోవాడు, చిన్నాన్న ఎవరిని చంపాలనుకున్నాడో అతను, మధ్యలోనే వెనక్కి పరిగెత్తి, తన తువ్వాలు విప్పి ఆమె చేతికి బిగించి కట్టాడు.

తాత సిరుగుప్ప నుంచి ట్రాక్టరులో అప్పుడే వచ్చాడు. కొడుకును చూశాడు, కానీ ముందు ఆమెను ఎత్తి ట్రాలీలో పడుకోబెట్టాడు. బళ్లారి ఆసుపత్రి దాకా ఆ చేతిని పైకెత్తి పట్టుకునే ఉన్నాడట. అక్కడ మోచేతి పైకి తీసేశారు.

కేసు అయింది. పోలీసులు రైఫిలు పట్టుకుపోయారు. బెదిరించడానికి గాల్లోకి పేల్చాడని చెప్పమని వకీలు మావాళ్లకు నేర్పాడు. శత్రువుకు గుండు తగల్లేదు కాబట్టి ఎవరైనా నమ్మే మాటే అది. నాలుగో రోజు ఇన్‌స్పెక్టరు ఇంటికి వచ్చి, ఎవరైనా కళ్లారా చూశారా అని అడిగాడు. ఇంట్లో అందరూ నా వైపు తిరిగారు.

"ఈ పిల్ల చూసిండాది సార్. గాల్లోకే పేల్చినాడని చెప్తాంది," అన్నాడు మా నాయన. నేను అప్పటిదాకా ఎవరితోనూ ఒక్క మాటా అనలేదు.

ఇన్‌స్పెక్టరు కన్నడాయన. నా ముందు వంగి, "నిజానా పుట్టీ?" అని, నిజమేనా పాపా అన్నట్టు, మెల్లగా అడిగాడు. తలుపు పక్కన అవ్వ చేతులు జోడించి నన్నే చూస్తూ ఉంది.

"దాన్ని అడగొద్దు సాబ్," అన్నాడు తాత. "తుపాకిని అడుగుదాం రాండి."

మరుసటి రోజు హగరి ఏటి ఇసుకలో గడ్డి కూరిన గోనెసంచి నిలబెట్టి, మధ్యలో సున్నంతో చుక్క పెట్టారు. పోలీసులు రైఫిలు తెచ్చారు. తాత నూట యాభై అడుగులు కొలిచి బోర్లా పడుకున్నాడు. తన చేతి తూటాలు మూడు పేల్చాడు. మూడు బొక్కలూ చుక్క మీదే, అరచేయి పెడితే మూసుకుపోయేంత దగ్గరగా పడ్డాయి. తర్వాత కంపెనీవి మూడు. గురి అదే, చేయి అదే. ఆ మూడూ చుక్కకు జానెడు పైకి, జానెడు కుడికి పోయి, చెదిరి తగిలాయి.

తాత లేచి మోకాళ్ల ఇసుక కూడా దులుపుకోలేదు. "నా కొడుకు గుండెకే గురి పెట్టినాడు సాబ్. గురి నా తూటాది, పేలింది కంపెనీది, అందుకే జానెడు తప్పి భుజం మీదుగా పోయింది. గాల్లోకి కాదు."

మా నాయన తువ్వాలు నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు. చిన్నాన్నకు కొన్నేళ్ల జైలు పడింది. అవ్వ మూడు నెలలు తాతకు కంచం పెట్టింది కానీ మాట్లాడలేదు. రైఫిలును తాత మళ్లీ ఇంటికి తెచ్చుకోలేదు.

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "నేను చెప్పేస్తానని భయపడినావా తాతా?"

ఆయన నన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. "నువ్వు నిజం చెప్పింటే, చిన్నాన్నను జైలుకు పంపినానని బతికినన్నాళ్లూ ఏడ్చేదానివి. అబద్ధం చెప్పింటే, ఆ యమ్మ చేయి నీకు రోజూ కనపడేది. పదేళ్లదానివి, రెండూ నీకెందుకు? నేను ముసలోన్ని, మోస్తా."

ఆ కూలామె కూతురు బడిలో నా పక్కనే కూర్చునేది. ఆ పిల్ల మొహం చూసి నేను మాట్లాడగలిగానంటే అది మా తాత వల్లే. చిన్నాన్న జైలు నుంచి వచ్చాక కుంటుతూనే సేద్యం చేసుకున్నాడు. తాతతో ఒక్క మాటా మాట్లాడలేదు. కానీ తాత పోయిన రోజు, ఆ కుంటికాలితోనే పాడె ముందు కొమ్ము పట్టి, శ్మశానం దాకా ఎవరికీ భుజం మార్చలేదు.

ఇప్పుడు నాకూ మనవళ్లున్నారు. ఇంట్లో పెద్దవాళ్ల మధ్య గొడవ ముదిరి, "నువ్వు చూశావు కదా, నువ్వు చెప్పు," అని ఎవరైనా ఒక పసిపిల్ల వైపు తిరిగితే నేను చూస్తూ ఊరుకోలేను. ఆ పిల్ల నోరు తెరిచేలోపే నేను లేచి, నాకు తెలిసిన నిజం నేనే చెప్పేస్తాను. ఒకసారి అట్లా చెప్పినందుకు నా కొడుకు రెండేళ్లు నా గడప తొక్కలేదు, అయినా ఆ అలవాటు నేను మానుకోలేదు.