గడప లోపలి కాలు

కరోనా రెండో విడత సద్దుమణిగిన ఏడాది, వానాకాలం మొదట్లో, తెనాలిలోని మా కృత్రిమ అవయవాల కేంద్రం రేపల్లె, బాపట్ల క్యాంపుల బాధ్యత కూడా నాకే అప్పగించింది. అప్పటికి నేను సీనియర్ ప్రోస్థెటిస్టుని, పదవీ విరమణకు దగ్గరపడ్డవాణ్ణి. ప్రోస్థెటిస్టు అంటే కాలో చెయ్యో పోయినవాళ్ళకు కొలతలు తీసి, కొత్త అవయవం తయారు చేయించి, దానితో వాళ్ళకు పని జరిగేదాకా వెంట ఉండే మనిషి. కోతలు మా పని కాదు, అది సర్జనుది. అయినా మా ఊరు అంగలకుదురులో అందరూ నన్ను కాళ్ళ డాక్టరనే పిలిచేవారు. నేను డాక్టర్ని కాదు మొర్రో అని కొన్నేళ్ళు చెప్పి చూసి, ఆ తర్వాత ఊరుకున్నాను.

మంగళవారం బాపట్ల, శుక్రవారం రేపల్లె. రేపల్లె వెళ్ళడమంటే నాకు సరదా. తెనాలిలో పొద్దున పాసింజరెక్కితే దారి పొడుగునా వరిచేలు, దిగగానే రైసు మిల్లుల ఊక వాసన. అదే చివరి స్టేషను కాబట్టి కునుకు తీసినా భయం లేదు, ఎవరో ఒకరు తట్టి లేపేవారు. నా సంచిలో ప్లాస్టర్ కట్లు, టేపు, చర్మం మీద గుర్తులు పెట్టే పెన్సిలు ఉండేవి. తడి ప్లాస్టర్ గోళ్ళలో ఇరుక్కుంటుందని ఉద్యోగమంతా విసుక్కున్నాను. ఇప్పుడు గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి, పొద్దు మాత్రం పోవడం లేదు.

కరీముల్లా గారిని మొదట బాపట్ల క్యాంపులో చూశాను. రేపల్లెలో జాకెట్లు కుట్టే టైలరు, యాభై దాటిన మనిషి. షుగరు వల్ల కుడికాలి వేళ్ళు నల్లబడితే, బాపట్లలో సర్జను వేళ్ళతో సహా పాదంలో ముందు సగం తీసేశారు. మడమా చీలమండా మిగిలాయి. గాయం మానాక నా దగ్గరికి పంపారు.

కాలంతా పోలేదు, సగం పాదమే కదా పోయింది, అదృష్టవంతుడు అంటారు చూసినవాళ్ళు. నిజమే, కానీ మా వృత్తిలో అదే చిక్కు కేసు. నడిచేటప్పుడు ప్రతి అడుగు చివరా నేలను వెనక్కి తన్నేది పాదం ముందు భాగం. అది లేకపోతే ఒంటి బరువంతా కోత పడిన అంచు మీదికి వస్తుంది. షుగరు ముదిరినవాళ్ళకు అక్కడ స్పర్శ ఉండదు. చర్మం ఒరుసుకుపోయి పుండు పడినా నొప్పి తెలియదు. పుండు ఎముక దాకా పోయిందంటే రెండో కోత తప్పదు, అది మోకాలి కిందే పడుతుంది. కరీముల్లా గారి విషయంలో మా అందరి ప్రయత్నమూ ఆ రెండో కోత రాకుండా చూడటమే.

ఇలాంటి పాదానికి అప్పట్లో మా కేంద్రంలో ఎక్కువగా చేసింది బూటు. కొలతకు కుట్టిన బూటులో పోయిన భాగం మేర మెత్తటి రబ్బరు దిమ్మ పెట్టి, అడుగున వంగని ఉక్కు పట్టీ వేసి, బయటి అట్టను పడవ అడుగులాగా కాస్త వంపు తిప్పుతాం. ఆ వంపు మీద కాలు దొర్లిపోతుంది, అంచు మీద ఒత్తిడి తగ్గుతుంది. పాదం ఇంకా వెనక్కి, మడమ దాకా తీసేస్తే పిక్క వరకూ పట్టే పట్టా వేస్తాం. అచ్చం చర్మంలా కనిపించే సిలికాన్ పాదం కూడా ఉంది గానీ, అది మా దగ్గర తయారయ్యేది కాదు. కరీముల్లా గారికి బూటు రాశాను. బెంచీ మీద పని మా టెక్నీషియన్ కోటేశ్వరరావుది. అతను అరగదీసిన దిమ్మకు వంక పెట్టడం కష్టం. వర్క్‌షాపులో రెండు కమ్మీల మధ్య నడిపించి చూస్తే నడక బాగుంది. పడుకునేటప్పుడు తప్ప ఎప్పుడూ వేసుకునే ఉండాలని చెప్పాను.

“అట్టాగే సార్. మీరు చెప్పాక తప్పుతానా,” అన్నాడు.

తర్వాత ఒక శుక్రవారం రేపల్లె క్యాంపుకి వచ్చాడు. మేజోడు విప్పితే అంచు మీద చింతగింజంత పుండు. ఆయనకు నొప్పి లేదు, అందుకే చిరునవ్వుతో కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండింది. బూటు తీసి చూశాను. బయటి అట్ట అరిగింది, లోపలి మెత్త మాత్రం కొత్తగానే ఉంది. రోజంతా వేసుకుంటే లోపల కాలి ముద్ర పడాలి. వేసుకోవడం లేదు కదూ అని నిలదీశాను.

“ఒట్టండి. ఒక్కరోజు కూడా మానలేదండి. అడుగు బయట పెడితే బూటుతోనేనండి,” అన్నాడు.

సర్జనుకి ఫోన్ చేశాను. పుండు ఎముకకు అంటిందేమో చూద్దాం, అంటితే మాత్రం మోకాలి కింద తీసేయక తప్పదన్నారు. ఆ మాట కరీముల్లా గారికి చెప్పాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది. మిషను తొక్కేది ఆ కాలితోనే అని మెల్లగా అన్నాడు. క్యాంపు ముగిశాక నేనూ ఆయన వెంట ఇంటికి నడిచాను. అబద్ధమాడే మనిషిలా లేడు, మరి పుండు ఎలా వచ్చినట్టు?

ఇల్లూ కొట్టూ ఒకటే. ముందు గదిలో మిషను, వెనక వంటిల్లు. ఆయన గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని, బూటు తాళ్ళు ఓపిగ్గా విప్పి, దాన్ని మిగతా చెప్పుల పక్కన వరసగా పెట్టి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళాడు. వట్టి కాలితో. మిషను ముందు కూర్చుని అలవాటుగా తొక్కుడు చెక్క మీద కాలు వేశాడు. కోత పడిన అంచు సరిగ్గా ఇనుప చట్రం మీద ఆనింది. పొద్దుటి నుంచి దీపాలు పెట్టే వేళ దాకా ఆయన కాలు ఉండేది అక్కడే. బూటు ఎండలో, గుమ్మం బయట.

ఇంట్లో కూడా వేసుకోవాలి కదండీ అన్నాను. వంటింట్లోంచి ఆయన భార్య మెహరున్నీసా గారు వచ్చి, నన్ను వింతగా చూసింది.

“బూట్లేసుకుని ఇంట్లోకి ఎవరొస్తారన్నయ్య గారూ? ఆయన నమాజు చేసుకునే గదండి ఇది,” అంది.

నేను నా కాళ్ళ వంక చూసుకున్నాను. నా చెప్పులూ మెట్టు దగ్గరే ఉన్నాయి, విప్పిన సంగతి కూడా నాకు గుర్తు లేదు. మేం చదివిన పుస్తకాల్లో మనిషి పొద్దున వేసుకున్న బూటు పక్క ఎక్కేముందు గానీ విప్పడు. మా ఊళ్ళల్లో ఇల్లూ కొట్టూ గుడీ మసీదూ అన్నీ గుమ్మం దగ్గర విప్పే చోట్లే. వీధిలో నడిచేది కాసేపు, మిగతా రోజంతా వట్టికాళ్ళే. ఆయనకు మేమిచ్చింది వీధికి పనికొచ్చే కాలు. ఇంట్లో ఆయనకు కాలు లేదు.

మరి గుమ్మం లోపల వేసుకునేది ఒకటి చేసిస్తే ఒప్పుకుంటారా అని అడిగాను. అట్ట ఉన్నదేదైనా చెప్పేనంది మెహరున్నీసా గారు. అది వీధిలో అడుగు పెట్టదు, బయటికి వెళ్ళేటప్పుడు దాని మీద ఇంకో బూటు తొడుక్కుంటారు, ఆ పైబూటు గుమ్మం దగ్గర విప్పేస్తారు అని చేతులు తిప్పుతూ వివరించాను.

“రోడ్డు తొక్కనంతకాలం అది కాలేలెండి. ఒక్కసారి తొక్కిందంటే మాత్రం గుమ్మం అవతలే,” అని ఆవిడ తీర్పు చెప్పింది. వెంటనే ఇంకో చిక్కు పెట్టింది. “మరి మీ తెనాలిలో దాన్నేసి నడిపిస్తారుగా? అక్కడందరూ చెప్పుల్తోనే తిరుగుతారంటగా?”

ముందు పుండు మాననివ్వండి అని లేచాను.

పుండు మానేదాకా ఆ కాలికి ఏ పరికరమూ పెట్టకూడదు, నేల మీద ఆనించకూడదు. మిషను ముట్టుకోవద్దని సర్జను గట్టిగా చెప్పి పంపారు. కరీముల్లా గారి మాట మీద మెహరున్నీసా గారికి నమ్మకం లేదు కాబోలు, మిషను బెల్టు ఊడదీసి ఎక్కడో దాచేసింది. నేను కట్టు చూడటానికి వెళ్ళినప్పుడల్లా ఆయన ఫిర్యాదు అదే. “ఇంట్లోనే పోలీస్ స్టేషను పెట్టిందండీ,” అనేవాడు. నేను మటుకు పోలీసుల పక్షమే. అదృష్టం బాగుండి పుండు ఎముకకు అంటలేదు. వానలు వెనకబట్టి, పెనుమూడి వైపు చేలల్లో కోతలు మొదలయ్యేసరికి కొత్త చర్మం వచ్చింది.

మళ్ళీ అచ్చు తీశాను. తడి కట్టు పాదానికి చుట్టి, ఆరాక ఊడదీస్తే గుల్ల వస్తుంది. ఆ గుల్లలో ప్లాస్టర్ పోసి అచ్చు చేస్తాం. ఒత్తిడి పడకూడని చోట అచ్చు మీద కాస్త ప్లాస్టర్ చేర్చి, పడవలసిన చోట ఆకురాయితో అరగదీస్తాం. మా విద్యంతా ఆ చేర్చడంలో, తీయడంలోనే ఉంది. దాని మీద కోటేశ్వరరావు మెత్తటి తోలుతో చీలమండ పైదాకా వచ్చే తొడుగు కుట్టాడు. ముందు తేలికైన దిమ్మ, అడుగున పల్చటి పట్టీ. నమాజు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకి విప్పి కట్టుకోవడానికి వీలుగా, తాళ్ళ బదులు వెనక అంటించే పట్టీలు పెట్టాం. పైబూటు విడిగా తయారైంది.

ట్రయల్ రోజున భార్యాభర్తలు తెనాలి వచ్చారు. మెహరున్నీసా గారి చంకలో చుట్టిన చాప ఉంది. నన్నేమీ అడగకుండా కమ్మీల మధ్య దాన్ని పరిచింది. ఇంట్లో నుంచి తెచ్చిన కొత్త చాప. కోటేశ్వరరావు ఒక్క క్షణం చూసి, తన చెప్పులు విప్పి దూరంగా పెట్టాడు. నేనూ విప్పాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ గదిలో వట్టికాళ్ళతో నిలబడటం నాకు అదే మొదలు, సిమెంటు చల్లగా తగిలింది.

మొదటిసారి తొడిగితే బయటి అంచు పట్టేసింది. చర్మం మీద ఎర్రని గీత చూసి పెన్సిలుతో గుర్తు పెట్టాను. కోటేశ్వరరావు అక్కడ గీకి మళ్ళీ ఇచ్చాడు. రెండోసారి కరీముల్లా గారు కమ్మీలు పట్టుకుని చాప చివరిదాకా వెళ్ళి, తిరిగి, చేతులు వదిలేసి వచ్చాడు. “సార్, ముందు వైపు కాలుంది సార్,” అన్నాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. మెహరున్నీసా గారు మాత్రం ఆయన ముఖం చూడటం లేదు, ఆయన పాదం చాప దాటుతుందేమోనని చూస్తోంది. ఆయన అంచున ఆగి, పైబూటు తొడుక్కుని, అప్పుడు సిమెంటు మీదికి దిగాడు. ఆవిడ చాప చుట్టేసి, మిషను బెల్టు ఇంటికెళ్ళాక ఇస్తానంది.

అంతా సాఫీగా సాగిపోయిందని చెప్పను. ఎండాకాలం తొడుగు లోపల చెమట పట్టేది. పట్టీలు రెండుసార్లు ఊడిపోయాయి. ఇంటి కాలు, వీధి బూటు అని రెండు చేయడం వర్క్‌షాపుకి అదనపు పనంటూ మా పైవాళ్ళు సణిగారు. నేను వినిపించుకోలేదు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ప్రతి మనిషినీ, కొలత తీసేముందు, రోజులో ఎక్కడెక్కడ చెప్పులు విప్పుతారని అడిగాను. పేషెంటు మన మాట వినలేదని కోప్పడే ముందు, మనం ఇచ్చిన వస్తువు అతని ఇంట్లోకి వెళ్ళగలదా లేదా అని చూడాలి. నడక వీధిలో కంటే గడప లోపలే ఎక్కువ. నాకు ఆ ఉదంతం నేర్పింది ఇంతే.

మొన్న రేపల్లెలో ఒక పెళ్ళికి వెళ్ళి, పనిలో పనిగా ఆ వీధిలోకి తిరిగాను. మిషను చప్పుడు మలుపు దగ్గరికే వినిపించింది. పాత అలవాటు కొద్దీ తొడుగు విప్పమని చర్మం చూశాను. ఎక్కడా ఎరుపు లేదు. మోకాలు, పిక్క, చీలమండ, మడమ, సగం పాదం, అన్నీ ఇంకా ఆయన సొంతమే.