పసుపు కార్డు మీద నా వాక్యం

ఆగస్టులో ఆ శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఆ ఇంట్లో ఉన్నవాళ్లు: పాస్టరు అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు, సంఘపెద్ద, ఎనిమిది మంది ఆడవాళ్లు, ఇల్లు గల పెద్దమ్మ, నేను. మొత్తం పదమూడు మంది. ఉన్న వస్తువులు: అయ్యగారికి ఒక ప్లాస్టిక్ కుర్చీ, మిగతావాళ్లకు రెండు చాపలు, ఒక టేబుల్ ఫ్యాను, ఒక కంజీర, తొమ్మిది బైబిళ్లు, నేను మోసుకొచ్చిన స్పీకరు పెట్టె, మైకు, పది మీటర్ల వైరు. వంటింట్లో మూతపెట్టిన గిన్నెలో బొరుగుల ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీలు. గోడకు, చనిపోయిన ఆ ఇంటి పెద్దాయన ఫోటో కింద, ఒక చిన్న పసుపు కార్డు. దాన్ని నేను అన్నిటికంటే ఆఖరున చూశాను.

కోయిలకుంట్లకు దగ్గరలోని పల్లె అది. శుక్రవారం శుక్రవారం ఉపవాసముండి, సాయంత్రం ఒకరింట్లో కూడిక పెట్టుకోవడం మా సంఘంలో పద్ధతి. పాటలు, వాక్యం, ఆ ఇంటివాళ్ల సాక్ష్యం, ప్రార్థన, ఆ తర్వాత ఏదో ఒకటి తినడం. నేను సోలార్ ప్లాంటులో డ్యూటీ దిగి, స్పీకరును బండి వెనక కట్టుకుని వెళ్లేవాణ్ని.

"పదమూడు మందికి మైకెందుకప్పా? మేమేమన్నా చెవిటోళ్ళమా?" అన్నాడు సంఘపెద్ద. ఆయన కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. వైరు కనిపిస్తే ఏదో ఒకటి అనకుండా ఉండలేడు.

"ఉండనీలేప్పా, పక్కింటోళ్ళు గూడా వింటారు," అంది అమ్మగారు.

"వాళ్ళు వినేది సీరియలు. మనం మైకు పెడితే వాళ్ళు టీవీ సౌండు పెంచుతారు, అంతే."

నేను మైకు పెట్టాను. పెట్టడం నా పని. సంఘంలో ఆరేళ్లుగా నా పనులు ఇవి: మైకులు, స్పీకర్లు, పాటల స్లైడ్లు, ప్రార్థన మనవుల పట్టిక, హాజరు పట్టిక, వాగ్దాన కార్డులు. "దేవునితో నీకు వ్యక్తిగత సంబంధం ఉందా?" అని అయ్యగారు నెలకు రెండుసార్లయినా అడుగుతారు. ఆ ప్రశ్నను తెర మీద తెల్లటి అక్షరాల్లో వేసేది నేనే. అక్షరాల సైజు అరవై. వెనక బెంచీ దాకా స్పష్టంగా కనిపిస్తుంది. వేసిన ప్రతిసారీ అది జనం కోసమే అనుకున్నాను.

వాగ్దాన కార్డుల సంగతి ఇక్కడ చెప్పాలి. జనవరి ఒకటో తేదీ ఉదయం ఆరాధన అయ్యాక, ఒక్కో బైబిలు వచనం అచ్చువేసిన చిన్న కార్డులను పళ్లెంలో బోర్లా పరుస్తాం. ఒక్కొక్కరు వచ్చి కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటారు. ఏ వచనం వస్తే అది ఆ ఏడాదికి దేవుడు తనకు చెప్పిన మాట. ఇంటికి తీసుకెళ్లి గోడకు అంటించుకుంటారు, బీరువాలో దాచుకుంటారు, బైబిల్లో పెట్టుకుంటారు. పళ్లెం పట్టుకుని నిలబడేది నేను.

పాటలయ్యాయి, వాక్యమయింది. సాక్ష్యం చెప్పమని అయ్యగారు పెద్దమ్మను లేపారు. ఆమెకు అరవై దాటి ఉంటాయి. కూలికి పోతుంది. భర్త పోయిన దగ్గర్నుంచి ఆమె ప్రార్థన చేయగా ఎవరూ వినలేదు. వరసగా అందరూ ప్రార్థిస్తూ వచ్చి ఆమె వంతు వస్తే తల అడ్డంగా ఊపేది, పక్కామె అందుకునేది. అలా ఏడాదిన్నర నడిచింది. ఇది సంఘంలో అందరికీ తెలుసు.

"ప్రభువు నామానికి స్తోత్రం," అంది పెద్దమ్మ. నేనిచ్చిన మైకును గరిటె పట్టుకున్నట్టు పట్టుకుంది. "నాకు సాక్ష్యాలు చెప్పేది రాదు. మా ఇంటాయన కర్నూలు ఆస్పత్రిలో ఉన్నన్ని దినాలు దేవుణ్ణి అడిగినా. ఆయన పలకలేదు. నేనూ అలిగినా. చర్చికి వచ్చేది, కూచునేది, పోయేది. మీరందురూ చూసినారు గదా. జనవరిలో నాకు కార్డు వచ్చింది. మా చిన్న కూతురు చదివి చెప్పింది. ఆ దినం నుంచి మాట్లాడతాండా ఆయనతో. నీళ్ళు పట్టేటప్పుడు, చేన్లో కలుపు తీసేటప్పుడు. చెప్పేది చెప్తాండా, తిట్టేది తిడతాండా."

ఆడవాళ్లు నవ్వారు. ఒకామె కళ్లొత్తుకుంటూనే నవ్వింది.

"ఆ కార్డు నాకు చదివేది రాదు. ఈ యప్ప చదువుతాడు," అని ఆమె గోడకున్న కార్డు తీసి నా చేతిలో పెట్టి, మైకు కూడా ఇచ్చింది. "గట్టిగా చదువప్పా."

నేను చూశాను. దాని మీద ఇలా ఉంది: "నువ్వు చెప్పుకున్నది నేను విన్నాను. కొంచెం ఓర్చుకో. నీ పక్కనే కూర్చున్నాను."

అది బైబిలు వచనం కాదు. నేను రాసింది.

ఎలా జరిగిందో నాకు ఒక్క క్షణంలో వరసగా గుర్తొచ్చింది. డిసెంబరులో కార్డులు అచ్చువేసేటప్పుడు తెలుగు ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. కొత్త ఫాంటు వేసి, ఒత్తులు ఎక్కువ ఉండేట్టు ఏదో ఒక వాక్యం కొట్టి, మొదటి అట్ట మొదటి గడిలో పరీక్షగా వేశాను. ఒత్తులు సరిగ్గా పడ్డాయి. సంతోషంతో కంప్యూటరులో ఆ గడి మార్చి మిగతా పదిహేడు అట్టలు వేసేశాను. మొదటి అట్టను మళ్లీ వేయాలన్నది మర్చిపోయాను. అట్టకు పది కార్డుల చొప్పున పద్దెనిమిది అట్టలు, నూటా ఎనభై కార్డులు. కోసిన తర్వాత ఎంచితే నూటా ఎనభై ఉన్నాయి. లెక్క సరిపోయింది కాబట్టి చదివి చూడలేదు. ఆ వాక్యం కోసం నేను నాలుగు సెకన్లు కూడా ఆలోచించి ఉండను.

"చదువప్పా," అంది పెద్దమ్మ మళ్లీ.

చదివాను. నేను కొట్టిన వాక్యం, నా గొంతుతో, నా స్పీకరులోంచి వచ్చి ఆ గది నిండా మోగింది. "ఆమెన్," "స్తోత్రం" అన్నారు అందరూ. నా చేతిలోని మైకు అరచేతి చెమటకు జారింది. ఫ్యాను గాలి నా వైపు రావడం లేదు.

"రిఫరెన్సేం రాసుండాది? ఏ పుస్తకం, ఏ అధ్యాయం?" అన్నారు అయ్యగారు బైబిలు తెరుస్తూ.

"అచ్చు కాలేదయ్యగారూ." అది నిజమే. కానీ అబద్ధం చెప్పినట్టే చెప్పాను.

"శుక్రవారం వేసింటావు. మిషను గూడా ఉపవాసముండాది," అన్నారు. అందరూ నవ్వారు. "కీర్తనల్లోది అయ్యుండాల. భావం అదే," అని ఆయన ప్రార్థనకు తలవంచారు.

నేను కళ్లు మూసుకోలేదు. నా ముందు మూడు దారులున్నాయి. ఎవరికీ చెప్పకపోవడం. అయ్యగారికి చెప్పడం. పెద్దమ్మకు చెప్పడం. ఎంచి చూస్తే మూడింటిలోనూ నష్టపోయేది ఆమే. చెప్పకపోతే ఆమె నా వాక్యాన్ని పట్టుకుని దేవుడనుకుంటుంది. చెబితే, ఏడాదిన్నర మూసుకున్న నోరు మళ్లీ మూసుకుంటుంది. రెండోసారి మూసుకుంటే తెరిపించడానికి నా దగ్గర ఏ కార్డూ లేదు.

ఉగ్గాని తిన్నారు, బజ్జీలు తిన్నారు, చెప్పులు వెతుక్కుని వెళ్లారు. నేను వైరు చుట్టాను, విప్పి మళ్లీ చుట్టాను. పెద్దమ్మ గిన్నెలు తీస్తోంది.

"పెద్దమ్మా, ఆ కార్డు..."

"బైబిల్లో లేదు," అంది ఆమె గిన్నె తుడుస్తూ.

నేను వైరు చుట్టడం ఆపాను.

"కడపలో నర్సు పని చేసే మా చిన్నమ్మి ఉండాదే, అది ఫిబ్రవరిలోనే ఫోన్లో వెతికింది. మొదటి నుంచి కడాకు వెతికింది. యాడా లేదమ్మా అనింది. అయ్యగారికి చెప్తే కార్డు తీసుకుంటాడేమోనని చెప్పలేదు. ఎవురు రాసినారో తెలీలేదు ఇన్ని దినాలు. ఈ పొద్దు నువ్వు చదివేటప్పుడు నీ మొగం చూసినా. తెలిసిపాయ."

"అక్షరాలు సరిగ్గా పడతాయో లేదో చూసేదానికి వేసినా పెద్దమ్మా. ఊరికే. అది దేవుని మాట కాదు."

"కాదులే."

"మరి దాన్ని పట్టుకుని..."

ఆమె గిన్నె కింద పెట్టింది. "కార్డు నువ్వు వేసినావు. నేను మాట్లాడింది నీతోనా? అది బైబిల్లో లేదని తెలిసిన దినం ఆయన్నే అడిగినా. ఏమయ్యా, నువ్వు చెప్పలేదంట గదా, కూచున్నావా లేదా అని. ఆ దినం చేన్లో ఏడ్చినా చూడు, ఇంటాయన పోయిన దినం గూడా అంత ఏడవలేదు. అప్పుడు తెలిసింది, కూచున్నాడని. ఎట్ల తెలిసిందంటే నేను చెప్పలేను. అడగొద్దు."

నేను చాప మీద కూర్చున్నాను. తప్పు బయటపడితే ఆమె కూలిపోతుందని నేను భయపడ్డాను. ఆరు నెలల ముందే ఆమె దాన్ని దాటి వెళ్లిపోయింది. కూలేవాణ్ని నేనే అని నాకు తట్టలేదు.

"నీకేమొచ్చింది?" అంది.

"ఏంది?"

"కార్డు. జనవరిలో నీకేమొచ్చింది?"

నేను లెక్క చెప్పాను. హాజరు పట్టికలో పెద్దవాళ్లు నూటా ఎనభై ఒక్కరు. పళ్లెం పట్టుకునేది నేను కాబట్టి నన్ను తీసేసి నూటా ఎనభై వేస్తాను. ప్రతి ఏడాదీ అంతే, ఎంతమంది ఉంటే అందులో ఒకటి తక్కువ.

ఆమె వచ్చి నా ఎదురుగా చాప మీద కూర్చుంది. "అన్నేండ్లా? పెండ్లిలో వడ్డించేవోడు గూడా కడాకు కూచోని తింటాడు గదప్పా. నువ్వు చెయ్యి కడుక్కోని ఇంటికి పోయినావా?"

నాకు ఆకలి లేదని ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. అది కూడా కాదు. నేను ఆ ప్రశ్నే వేసుకోలేదు.

"సరే, ప్రార్థన చెయ్యి. ఈడనే."

తల వంచాను. "పరిశుద్ధుడవైన తండ్రీ, కృపగల దేవా, ఈ సాయంకాల సమయమందు..."

"అది అయ్యగారిది," అంది. "నీది చెప్పు."

మళ్లీ మొదలుపెట్టాను. ఏమీ రాలేదు. నూటా ఎనభై మంది మనవులు పట్టికలో పెట్టినవాణ్ని, వాళ్ల జ్వరాలూ పరీక్షలూ పెళ్లిళ్లూ అక్షరక్రమంలో చెప్పగలిగినవాణ్ని, నాదని చెప్పుకోవడానికి నోట్లో ఒక్క ముక్క లేదు. పక్కింట్లో సీరియలు నడుస్తోంది. నేను ఒక గదిలో ఎవరి ముందో ఉన్నానని, ఇంతకాలమూ ఉన్నానని, ఎన్నడూ పలకరించలేదని అప్పుడు అర్థమై భయం వేసింది. చీకట్లో ఎవరూ లేరనుకుని కూర్చుంటే పక్కనుంచి దగ్గు వినిపించినప్పుడు వేసే భయం అది.

"నీతో మాట్లాడడం నాకు రాదు," అన్నాను.

అంతే వచ్చింది.

"ఆమెన్," అంది పెద్దమ్మ. లేచి నాకోసం తీసిపెట్టిన ఉగ్గాని తెచ్చింది. చల్లారిపోయింది. తిన్నాను.

మర్నాడు పొద్దున ప్లాంటులో, ప్యానెళ్ల వరసల మధ్య నడుస్తూ రెండో మాట అన్నాను. ఏమన్నానో ఇక్కడ రాయను. ఆదివారం అయ్యగారికి కార్డు సంగతి చెప్పాను. ఆయన మొదట నవ్వారు, తర్వాత నవ్వు ఆపి కళ్లజోడు తీశారు. కార్డు మాత్రం పెద్దమ్మ దగ్గర నుంచి తీసుకోలేదు.

డిసెంబరులో మళ్లీ అట్టలు కొన్నాను. ప్రతి కార్డూ చదివి చూశాను, రెండుసార్లు. సంఘంలో కొత్తగా చేరినవాళ్లు లేరు, తగ్గినవాళ్లు లేరు. హాజరు పట్టిక నిరుటిదే. పద్దెనిమిది అట్టలు అయ్యాక పందొమ్మిదోది పెట్టి, అందులో ఒక్క గడి మాత్రం నింపాను.

ఈ ఏడాది వేసిన కార్డులు: నూటా ఎనభై ఒకటి.