అమ్మాయి కంటే ముందు ఇల్లు చేరే మార్కులు

నా ఉద్యోగం పేరు ప్రొడక్ట్ మేనేజర్. అంటే ఏమిటో మా బంధువుల్లో ఎవరికీ ఇంతవరకు చెప్పలేకపోయాను. ఓసారి గుంటూరులో మా పెద్దమ్మని కూర్చోబెట్టి మధ్యాహ్నమంతా వివరించాను. యాప్ రాసేవాళ్ళు వేరు, దానికి బొమ్మలు గీసేవాళ్ళు వేరు, అమ్మేవాళ్ళు వేరు, నేను వీళ్ళందరి మధ్యా తిరుగుతూ "ఎప్పటికవుతుంది" అని అడుగుతుంటాను అని. ఆవిడ సాంతం విని, "అంటే పెళ్ళిళ్ళలో వంటవాళ్ళ దగ్గర నిలబడే బాబాయి లాగా" అంది. ఇరవై ఏళ్ళ నా వృత్తికి ఇంతకన్నా న్యాయమైన వర్ణన ఇంకెక్కడా దొరకలేదు. కాకపోతే పెళ్ళిలో పప్పు మాడితే తిట్లు వంటవాడికి పోతాయి. నేను మాడ్చింది మా ఇంటికే వడ్డనకొచ్చింది.

నోయిడాలో మా ఆఫీసు బడుల కోసం ఒక యాప్ చేస్తుంది. పిల్లల హాజరు, హోంవర్కు, బస్సు ఏ మలుపులో ఉంది, మార్కులెన్ని, అన్నీ తల్లిదండ్రుల ఫోన్లో కనిపిస్తాయి. అందులో నేను పట్టుబట్టి పెట్టించింది ఒకటుంది. టీచరు మార్కు ఎక్కించిన మరుక్షణం అమ్మానాన్నల ఫోన్లు మోగాలి. ఆ మోత కోసం నలభై శబ్దాలు విన్నాం. ఒకటి గుడిగంటలా ఉందన్నారు, ఒకటి అంబులెన్సులా ఉందన్నారు, ఒకటి వింటే ఆఫీసులో ఒకాయన తనకి వాళ్ళ మామగారు గుర్తొస్తున్నారన్నాడు. తక్కువ మార్కులకి ఎరుపు రంగు. ఏ ఎరుపు అన్నది తేల్చడానికి రెండు వారాలు పట్టింది. నెత్తుటి ఎరుపైతే జనం జడుసుకుంటారు, టమాటా ఎరుపైతే లెక్కచెయ్యరు. భూప్రపంచంలోని ఎరుపులన్నీ గోడకి అంటించి, చివరికి ఒకదాని మీద నేనే వేలు పెట్టాను. అది విడుదలైన రోజు ఆఫీసులో కేకు కోశారు.

దానికి ముందు పద్ధతి ప్రకారం తల్లిదండ్రుల్ని కలిశాను. వసంత్ కుంజ్ నుంచి గ్రేటర్ నోయిడా దాకా ఎక్కని గుమ్మం లేదు, తాగని టీ లేదు. అందరిదీ ఒకటే మాట: మాకు వెంటనే తెలియాలి. పిల్లల్ని మాత్రం ఒక్కరినీ అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. మా లెక్కలో పిల్లలు యాప్ వాడేవాళ్ళు కాదు, యాప్‌లో కనిపించేవాళ్ళు.

కొన్నాళ్ళకి మా అమ్మాయి చదివే బడి కూడా మా యాప్ తీసుకుంది. ఆ వార్త మా అపార్ట్‌మెంట్ల సొసైటీలో కుక్కలకి తప్ప అందరికీ చెప్పాను. కుక్కల యజమానులకి రెండుసార్లు చెప్పాను.

మా అమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి. మేం తెలుగులో అడుగుతాం, తను హిందీలో జవాబిస్తుంది, "నాన్నా", "అమ్మా" అన్న రెండు మాటలు తప్ప. అయితే ఏ భాషలోనైనా ఒకప్పుడు ధారాళంగా చెప్పేది. నేను ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో, గుమ్మంలో ఒక బూటు విప్పుతూ మొదలుపెడితే రెండో బూటు విప్పేసరికి గంటన్నర. మార్కులు ఆ కథలో ఎక్కడో మధ్యలో, టిఫిన్ బాక్సులో ఎవరు ఏం తెచ్చుకున్నారన్న దానికీ, హిందీ టీచరు కొత్త కళ్ళజోడుకీ నడుమ వచ్చేవి. అప్పటికి మనం నవ్వుతూ ఉంటాం కాబట్టి తిట్టడానికి నోరొచ్చేది కాదు.

యాప్ వచ్చాక మొదటి సంవత్సరం బాగానే గడిచింది, మార్కులు బాగున్నాయి కనక. ఈ ఏడు లెక్కల దగ్గర గాడి తప్పింది. పగలు పదకొండున్నరకి, నేను ఏదో మీటింగులో లోకాన్ని ఉద్ధరిస్తుండగా, ఫోను మోగుతుంది. నేను ఎంచిన మోత, నేను ఎంచిన ఎరుపు. నిమిషం తిరక్కుండా మా ఆవిడ ఫోను. మా ఆవిడ వరంగల్ పిల్ల, ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తుంది.

"చూసినవా? ఇర్వై అయిదుకు ఏడట."

"చూశాను."

"ఏం జేద్దాం? ట్యూషన్ పెడ్దామా? గా బ్యాడ్మింటన్ బంద్ పెట్టియ్యి ముందు."

అలా పన్నెండు కాకముందే విచారణ అయిపోయేది. ఒంటిగంటకి తీర్పు, రెండింటికి ట్యూషన్ టీచరుతో ఒప్పందం. మూడున్నరకి, శిక్ష అమల్లోకి వచ్చేశాక, ముద్దాయి భుజాన బ్యాగుతో లోపలికొచ్చేది. "ఏంటమ్మా ఇది" అంటే, "ఆప్‌కో తో పతా హై" అని గదిలోకి వెళ్ళిపోయేది. మీకు తెలుసుగా అని. క్రమంగా బూట్లు విప్పడానికి పట్టే సమయం పదిహేను సెకన్లకి దిగింది. ఏ యాప్‌లో ఏ పనికి పట్టే టైమునీ నేను ఇంతలా తగ్గించలేదు.

పోయిన నవంబరులో ఒక మంగళవారం. ఆ రోజు గాలి పొగతో నమిలి మింగేటంత చిక్కగా ఉంది. ఎదురు టవరు ఉందో, రాత్రికి రాత్రే ఎవరైనా పట్టుకుపోయారో చెప్పలేం. మాలాంటి ప్రైవేటు ఆఫీసులు అందర్నీ ఇంటి నుంచే పని చెయ్యమన్నాయి, బడులు మాత్రం ఇంకా నడుస్తున్నాయి. పన్నెండింటికి ఫోను మోగింది. లెక్కలు, నాలుగు. మూడుంబావుకి తెర మీద బస్సు చుక్క మా గేటు ముందు ఆగింది. కదిలి వెళ్ళిపోయింది. అమ్మాయి రాలేదు.

పది నిమిషాలు చూశాను. లిఫ్టు నెమ్మదనుకున్నాను. ఇరవై నిమిషాలయ్యాక బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే దీదీకి ఫోన్ చేశాను. "వో తో ఉతర్ గయీ భయ్యా, సబ్‌కే సాథ్" అంది. అందరితో పాటే దిగిందట.

ఆ తర్వాత గంటసేపు నేను ఏం చేశానో వరసగా చెప్పలేను. పార్కులో చూశాను, పాల బూత్ దగ్గర చూశాను, పక్క టవర్లో తన స్నేహితురాలి ఇంట్లో అడిగాను. ఆ పిల్ల తలుపు సందులోంచి "నాతో మాట్లాడట్లేదు అంకుల్" అని నేల చూపులు చూసింది. నా యాప్ మాత్రం నిబ్బరంగా ఉంది. పొద్దున ఏడూ యాభైకి హాజరు. హోంవర్కు ఇచ్చింది. బస్సు డిపోకి చేరింది. మా అమ్మాయి గురించి సమస్తం చెబుతోంది, ఎక్కడుందో తప్ప. మా ఆవిడ మెట్రోలో బయల్దేరి ప్రతి స్టేషన్లో ఫోన్ చేస్తోంది. "దొరికిందా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే పెట్టేస్తోంది.

ఒకవేళ ఇంటికి వచ్చేసిందేమో చూద్దామని వెనక్కి పరిగెత్తాను. లిఫ్టు ఇరవై రెండులో ఇరుక్కుని ఉంది. మాది పద్నాలుగు. మెట్లెక్కాను. నాలుగో అంతస్తులో ఊపిరి నన్ను వదిలేసి ముందు వెళ్ళింది. ఏడో అంతస్తులో గుండె రాజీనామా రాసిచ్చింది. తొమ్మిదికీ పదికీ మధ్య, కిటికీ కింద, మా అమ్మాయి మెట్టు మీద కూర్చుని పొద్దున పెట్టిన పరాఠా తింటోంది.

"ఇక్కడేం చేస్తున్నావే?"

"బైఠీ హూఁ." కూర్చున్నానంది. కనిపిస్తూనే ఉంది.

నేను రెండు మెట్లు కింద కూలబడ్డాను. ఆ నిర్ణయం నాది కాదు, మోకాళ్ళది. ముందు మా ఆవిడకి "దొరికింది" అని చెప్పాను. ఈసారి ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు.

"రోజూ ఇక్కడికొస్తావా?"

టెస్టు మార్కులు వచ్చిన రోజుల్లోనేనట. మామూలుగా పది నిమిషాలట. ఇవాళ ఎక్కువైందట.

"వచ్చి?"

"సోచ్‌తీ హూఁ, ఘర్ జాకే క్యా బోలూఁ." ఇంటికెళ్ళి ఏం చెప్పాలా అని ఆలోచిస్తుందట.

"ఇంటికొచ్చి చెప్పడానికేముందే? మాకు అప్పటికే తెలుసుగా."

"మార్క్స్ పతా హై," అంది. మీకు మార్కులు తెలుసు, అని.

ఇంకేముంది చెప్పమంటే "ఛోడో నాన్నా" అని డబ్బా మూత పెట్టేసింది. మిగిలిన అంతస్తులు ఇద్దరం కలిసి ఎక్కాం.

నా చిన్నప్పుడు బడికీ ఇంటికీ మధ్య రెండు కిలోమీటర్లు. ప్రోగ్రెస్ కార్డు జేబులో పెట్టుకుని ఆ దారంతా సంభాషణలు రాసుకుంటూ వచ్చేవాణ్ణి. మొదటి కూడలి దగ్గర తప్పు నాది. రైల్వే గేటు దాటేసరికి సగం లెక్కల మాస్టారిది. మా వీధి మలుపులో నేను కంటతడి పెట్టించే బాధితుణ్ణి. చెప్పింది సగం అబద్ధమే కానీ చెప్పింది నేను. మా నాన్న తిట్టినా కొట్టినా నా కథ విన్నాకే. మా అమ్మాయికి ఆ రెండు కిలోమీటర్లు లేకుండా చేసింది నేనే. తను మా టవరు మెట్ల మీద వాటిని మళ్ళీ తయారుచేసుకుంది.

మర్నాడు మా బాస్‌తో మాట్లాడాను. నాకంటే పన్నెండేళ్ళు చిన్నది, నాకంటే పన్నెండు రెట్లు తెలివైనది. మార్కులు సాయంత్రం ఏడింటి తర్వాతే ఇళ్ళకి పంపుదాం, ఆ లోపు పిల్లలు ఇల్లు చేరతారు, వాళ్ళే చెప్పుకుంటారు అన్నాను.

"దానివల్ల తల్లిదండ్రులకి ఏం లాభం?"

"పిల్లలకి లాభం."

"పిల్లలు మన దగ్గర కొనరు కదా. పగటి మోతలు ఆపితే యాప్ తెరిచేవాళ్ళు సగానికి పడిపోతారు. మీ దగ్గర డేటా ఏముంది?"

ఈ ప్రశ్న అడిగి నేను ఇంతవరకు ఎందరి నోళ్ళు మూయించానో లెక్కలేదు. "ఒకటుంది. మా ఇంట్లో," అన్నాను.

ఆవిడ వెక్కిరించలేదు. కాసేపు పెన్ను తిప్పింది. "మా వాడికి నాలుగేళ్ళు. ప్లేస్కూలు కెమెరాలో రోజంతా వాణ్ణి చూస్తూనే ఉంటాను. చూడకపోతే పని చెయ్యలేను," అంది. తర్వాత నా ప్రతిపాదనని "ముందు ముందు" అన్న జాబితాలో చేర్చింది. ఆ జాబితాలోకి వెళ్ళింది ఏదీ ప్రాణాలతో తిరిగి రాలేదు.

ఇంట్లోనూ నా మాట నెగ్గలేదు. ఇద్దరం ఫోన్లలో ఆ మోత ఆపేద్దామన్నాను. మా ఆవిడ సరేనని మోత ఆపింది కానీ చూడడం ఆపనంది. "నాకు తెల్వకపోతే పానం నిమ్మళంగుండదు. నువ్వైతే సూడకు, నీ ముఖంల అన్నీ కనబడ్తయి," అంది. నేను చూడనని మాటిచ్చాను.

తర్వాతి టెస్టు ఒక సోమవారం అయింది. మంగళవారం చూడలేదు. ఒక మనిషి ఫోన్ చూడకుండా ఒక పగలంతా ఉండడమంటే ఏమిటో మునులకే తెలియాలి. బుధవారం మధ్యాహ్నం, తెరవకుండా అలా పైపైన వేలు ఆనించి చూద్దామనుకున్నాను. అలాంటి సౌకర్యమేదీ మేం తయారు చెయ్యలేదు. ఆరు. ఇరవై అయిదుకి ఆరు.

బుధవారం తను చెప్పలేదు. గురువారం చెప్పలేదు. శుక్రవారం నేను ఇంట్లో తన వెనకే తిరుగుతున్నాను, ఏం కావాలంటే ఏమీ లేదంటున్నాను. శనివారం పొద్దున ఇడ్లీ తింటూ తలెత్తకుండా, "మాథ్స్ మేఁ సిక్స్ ఆయా," అంది. లెక్కల్లో ఆరు వచ్చిందని.

నేను ఆశ్చర్యపోవాలి. చిన్నదాన్ని పెద్దది చేసి చెప్పడమే అలవాటైన మనిషిని, ఒక్క కనుబొమ్మ పైకెత్తలేకపోయాను.

"చూశాను. బుధవారమే," అన్నాను.

"పతా థా." తనకి తెలుసట. బుధవారం రాత్రి అడక్కుండానే అన్నంలో రెండోసారి నెయ్యి వేశానట.

లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళింది కానీ గదిలోంచి పేపరు తెచ్చి నా ప్లేటు పక్కన పెట్టింది. మొదటి రెండు లెక్కలు ముత్యాల్లాంటి అంకెలతో పూర్తిగా చేసి ఉన్నాయి. మూడోది రెండు వరుసలు. ఆ రెండో వరుస కూడా మధ్యలో ఆగింది. అక్కణ్ణించి కాగితం తెల్లగా ఉంది.

"ఇక్కడ ఆపేశావేం?"

తను హిందీలో మెల్లగా చెప్పింది. పరీక్ష మధ్యలో మేడమ్ లాప్‌టాప్ తెరిచింది, వేరే సెక్షన్ మార్కులు ఎక్కించడానికి. మేడమ్ లాప్‌టాప్ తెరిస్తే క్లాసంతా మా అమ్మాయి వైపు తిరిగి చూస్తుంది. ఎప్పుడు తెరిచినా చూస్తుంది. వాళ్ళ ఇళ్ళలో మోగేది తన నాన్న చేసిన యాప్ అని అందరికీ తెలుసు. ఆ మోత విని ఒకమ్మాయిని వాళ్ళ నాన్న కొట్టాడు. ఆ అమ్మాయి ఇదివరకు తన బెంచీలోనే కూర్చునేది.

"ఎప్పట్నించి ఇది?"

"ఏప్రిల్."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం తల్లీ?"

"ఆప్‌కో వో ఇత్‌నా పసంద్ హై," అంది. నీకు అదంటే అంత ఇష్టం కదా, అని.

మా ఆవిడ వంటింటి గుమ్మంలో పళ్ళెం పట్టుకుని నిలబడిపోయింది.

దాన్ని ఆపించగలవా అని అమ్మాయి అడిగింది. అడిగాను, ఒప్పుకోలేదు అన్నాను. సోమవారం మళ్ళీ అడుగుతాను, ఆ అమ్మాయి సంగతి కూడా చెప్పి అడుగుతాను అన్నాను. అప్పుడూ ఒప్పుకోకపోతే అంది. తెలీదన్నాను. తను తలూపింది. పేపరు తన వైపు లాక్కుని పెన్సిలు తీసింది.

మూడో లెక్క నేను చెప్పాల్సిన పని లేకపోయింది. నేను ప్రశ్న చదివి అర్థం చేసుకునేలోపు చేసేసింది. నాలుగోదీ చేసింది. అయిదోది మొదలుపెట్టే ముందు టేబుల్ మీద ఉన్న నా ఫోను వైపు ఒకసారి చూసింది. నేను లేచి దాన్ని పక్క గదిలో పెట్టి, తలుపు వేసి వచ్చాను. అప్పటికి తను అయిదోది సగం చేసేసింది.