నేల మీద కూర్చునే పాస్టరమ్మ

మా పాస్టరమ్మ పోయిన వారం మానుకోట దవాఖానలో చనిపోయింది. ఫోన్ పెట్టేసి మా ఆయన ఆ మాట చెప్పినప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. కడిగిన బియ్యాన్నే మళ్లీ మళ్లీ కడుగుతూ ఉండిపోయాను.

నేను ఐదో తరగతి దాకే చదివాను. మరిపెడ దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో నలుగురిలో నోరు విప్పేదాన్ని కాదు. ఆమె ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "మాట్లాడకున్నా మంచిదే బిడ్డా, నీళ్ల చెంబు పట్టుకొని నాతోని రా" అన్నది.

ఎవరింటికి పోయినా ఆమె చెప్పులు వాకిట్లో విడిచి నేల మీద కూర్చునేది. కుర్చీ వేస్తే పక్కకు జరిపేది. "జాలి నిలబడి చూస్తది, ప్రేమ కూసుంటది" అనేది.

మా వాడ చివర ఒక అవ్వ ఒంటరిగా ఉంటుంది. షుగరు వల్ల కాలికి పుండు పడి మానడం లేదు. నర్సమ్మ చూపించినట్టే పాస్టరమ్మ రోజు విడిచి రోజు కట్టు మార్చేది. నేను మొదటిసారి వెంట పోయిన రోజు కట్టు విప్పగానే వాసన వచ్చింది. నాకు తెలియకుండానే కొంగు ముక్కుకు పోయింది. అవ్వ నా దిక్కే చూసి కాలు వెనక్కి తీసుకుంది.

"ఇగ నా కాలు ఎవ్వలు ముట్టొద్దు. పోండ్రి" అన్నది.

బయటికి వచ్చాక పాస్టరమ్మ కోప్పడలేదు. "రేపు నువ్వొక్కదానివే పో. ఏం తీస్కపోకు. ఆమెనే బువ్వ అడుగు" అన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అవ్వ ఇక కాలు చూపించకపోతే, పుండు ముదిరితే, అది నా కొంగు చేసిన పాపమే.

తెల్లారి అవ్వ గడపలో నిలబడ్డాను.

"ఏందే, ఇయ్యాల ముక్కు ఇంట్లనే పెట్టొచ్చినవా?"

"తప్పయింది అవ్వా. ఆకలైతంది, జర బువ్వ పెట్టు."

అవ్వ కుంటుకుంటూ పొయ్యి దగ్గరికి పోయింది. సత్తు గిన్నెలో జొన్న గట్క వేసి మజ్జిగ పోసింది. నేను తలెత్తకుండా తింటుంటే, "మెల్లగ తిను. మీ అత్త బువ్వ పెడ్తలేదా ఏంది?" అని నవ్వింది. గిన్నె ఖాళీ అయ్యాక తనే కాలు చాపింది. "పో, పాస్టరమ్మను పిల్సుకరా."

ఇప్పుడు కట్టు నేనే మారుస్తున్నాను. పాస్టరమ్మ వస్తూ వస్తూ పాడుకునే శ్రుతి తప్పిన పాట సందులో వినబడుతుందేమోనని ఇంకా చెవి పెడుతుంటాను.

భూస్థాపన నాడు అవ్వ నా భుజం పట్టుకొని వచ్చింది. అందరూ పిడికెడు మట్టి వేశారు. అవ్వ పిడికిలి విప్పలేదు.

"వెయ్యి అవ్వా" అన్నాను.

"జరసేపు ఉండనియ్యే బిడ్డా."

జనం వెళ్లిపోయారు. మేమిద్దరం మెల్లగా ఇంటిదారి పట్టాం. మూసిన ఆమె వేళ్ల సందుల్లోంచి మట్టి కొద్దికొద్దిగా దారెంట రాలుతూనే ఉంది.