మిల్లు బూడిద, ముద్దమందారం

మొక్కల విషయంలో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. కోదాడలో మా పుట్టింటి పెరట్లో పదేళ్ల వయసు నుంచే కత్తెర పట్టినదాన్ని. మిర్యాలగూడకు కాపురానికొచ్చి ఇంటి ముందున్న ముద్దమందారాన్ని చూసిన రోజు నుంచీ నా చేతులు ఊరుకోలేదు. అది మనిషెత్తు దాటి గోడ మీదికి వాలిపోయింది. కొమ్మల నిండా తెల్లటి పిండిపురుగు. ఎక్కడో చిటారున రెండు పూలు.

ఆ చెట్టు మా అత్తమ్మది. మునగాలలో ఆమె పుట్టిల్లు రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. కూల్చే ముందు రోజు వాకిట్లో మందారం కొమ్మ ఒకటి విరుచుకుని, తడిగుడ్డలో చుట్టి బస్సులో తెచ్చుకుందట. ఇప్పుడు ఆ ఇల్లూ లేదు, ఆ వాకిట్లో చెట్టూ లేదు. పుట్టింటిదని చెప్పుకోవడానికి ఆమెకు మిగిలింది ఇదొక్కటే. పొద్దున్నే ఒక పువ్వు తెంపి దేవుడికి పెట్టాకే చాయ్ తాగేది. కత్తిరింపు మాట ఎత్తినప్పుడల్లా ఒకటే జవాబు.

"పూసే చెట్టును కొడతరా ఎవలన్న?"

"కొట్టడం కాదు అత్తమ్మా, కత్తిరించడం. కొత్త కొమ్మకే పూలు బాగా వస్తాయి."

"ఏదైతేంది, కోసుడే గదా."

కొట్టడమా, కత్తిరించడమా అని రెండేళ్లు వాదించుకున్నాం. చివరికి పిండిపురుగు మొగ్గలకు కూడా పట్టి, పూజకు పువ్వు లేని రోజు వచ్చింది. "నీ ఇష్టం," అంది. ఆమెకు ఇష్టం లేదని ఆ గొంతే చెప్పింది.

శివరాత్రి వెళ్లిన వారం మొదలుపెట్టాను. ఎండిన కొమ్మల్ని మొదలంటా తీసేశాను. మిగిలినవాటిని నడుమెత్తున, బయటి వైపు చూస్తున్న కణుపుకు కాస్త పైన ఏటవాలుగా కోశాను. కోసిన చోటల్లా పసుపు ముద్ద పెట్టి, వేపనూనె కలిపిన సబ్బునీళ్లు కొట్టాను. ఇప్పటికీ చెబుతున్నాను, ఆ కత్తిరింపులో వంక పెట్టడానికి లేదు. అత్తమ్మ మాత్రం కింద పడ్డ పుల్లలు కొన్ని ఏరుకుని ఇంటి వెనక్కి వెళ్లింది. నీళ్ల పొయ్యిలోకేమో అనుకున్నాను.

తప్పు మర్నాడు చేశాను. ఇక్కడ రైసు మిల్లుల దగ్గర ఊక కాల్చిన నల్లబూడిద గుట్టలుగా పడి ఉంటుంది. మొక్కలకు మంచిదని చాలామంది తెచ్చుకుంటారు. నేనూ ఒక గోనెసంచి నింపుకుని స్కూటీ మీద పెట్టుకుని వచ్చాను. దారి పొడవునా కాళ్లకు వెచ్చగా తగులుతూనే ఉంది, ఎండకు వేడెక్కిందనుకున్నాను. సంచి మొత్తం మందారం మొదట్లో గుమ్మరించి, కోసిన చెట్టుకు అప్పుడే నీళ్లెందుకని తడపకుండా వదిలేశాను. ఊక బూడిద పైకి చల్లారినా లోపల రోజుల తరబడి నిప్పు దాచుకుంటుందని ఈ ఊళ్లో పుట్టినవాళ్లకు తెలుసు. నేను ఎవరినీ అడగలేదు. అడిగే అలవాటు నాకు లేదు.

రెండో రోజు సాయంత్రం నీళ్లు పోస్తే సుయ్యిమని ఆవిరి లేచింది. చేత్తో బూడిద లాగబోయి వేళ్లు కాల్చుకున్నాను. పారతో తీసి చూస్తే మొదలు చుట్టూ బెరడు మాడిపోయి ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఇరవై రోజుల పాటు పొద్దున్నే లేచి గోటితో బెరడు గీకి చూశాను. లోపల పచ్చగా ఉంటే చెట్టుకు ప్రాణం ఉన్నట్టు. ఆ పచ్చదనం ఒక్కో కొమ్మలో తగ్గుతూ వచ్చి, చివరికి ఎక్కడ గీకినా ఎండుకట్టే కనిపించింది. భయమేసింది. అంతకంటే ఎక్కువ సిగ్గేసింది.

"అత్తమ్మా, చెట్టు పోయింది. కత్తిరించినందుకు కాదు. నేను పోసిన బూడిదలో నిప్పుంది. నేనే చంపేశాను."

ఆమె చెట్టు వైపు చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత "ఇటు రా," అని ఇంటి వెనక్కి నడిచింది.

బట్టలుతికే బండ పక్కన, నీళ్లు పారే చోట, ఏడు పుల్లలు వరుసగా గుచ్చి ఉన్నాయి. ఐదింటికి చిన్న చిన్న ఆకులు వచ్చాయి. బట్టలు జాడించిన నీళ్లు నేను రోజూ అటే పారబోస్తున్నాను. ఒక్కసారి కూడా కిందికి చూడలేదు.

"నువ్వు కోసిన పుల్లలే. నీ మీద నమ్మకం లేక గుచ్చిన," అంది.

ఆ మాటకు నాకు కోపం రావాలి. కొంచెం వచ్చింది కూడా. కానీ అక్కడే బండ మీద కూర్చుని ఏడ్చేశాను.

వాటిలో ఒకదాన్ని పాత చోటనే నాటాం. అది పెరిగి, నిరుడు బాగా పూసింది. ఈసారి శివరాత్రి వెళ్లాక నేను కత్తెర తీసుకుని బయటికి వచ్చేసరికి, అత్తమ్మ అప్పటికే తడిగుడ్డ పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఇయ్యాల కొడతవా?"

"కత్తిరిస్తాను."

"సరే, కత్తిరియ్యి. మొదలు ఏడు పుల్లలు నాకియ్యి."