కొసరు డాక్టరేటు

బేరంలో మోసపోయి పాత స్కూటరు కొన్నవాళ్ళని చూశాను. మధ్యవర్తి మాట నమ్మి బుడమేరు ముంపులో స్థలం కొన్నవాళ్ళని చూశాను. కానీ మెట్లెక్కి వెళ్ళి, గంటసేపు బేరమాడి, గెలిచానని ఈల వేసుకుంటూ వచ్చి, తన కొంప తానే ముంచుకున్న మనిషిని మాత్రం ఒక్కణ్ణే చూశాను. రోజూ పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనబడుతుంటాడు. వాడి కథే ఇది. మీరు మొహమాటపడకుండా నవ్వండి. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను పటమటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. మా ప్రిన్సిపాలు గారు రిటైరయ్యే రోజులు దగ్గరపడ్డాయి. కాలేజీ సొంతదారు, కరస్పాండెంటు కోటేశ్వరరావు గారు ఒక రోజు స్టాఫ్ రూముకొచ్చి ప్రకటించారు.

"ఈసారి డాక్టరేటు ఉన్నాయన్నే ఆ కుర్చీలో కూచోబెడతానండీ. పక్క కాలేజీవాళ్ళు బోర్డు మీద ప్రిన్సిపాలు పేరు ముందు 'డా.' అని రాసుకుంటున్నారు. మనం ఏం తక్కువ తిన్నాం?"

ఆ కుర్చీ అంటే నాకు ప్రాణం. గుండ్రంగా తిరిగే కుర్చీ. గదిలో ఎవరూ లేనప్పుడు ఒకసారి కూర్చుని తిరిగి చూశాను కూడా. సీనియారిటీలో నేనే ముందు. నాకు లేనిదల్లా ఆ ఒక్కక్షరమే. నా వెనకాలే ఉన్న హిస్టరీ లెక్చరరు రహమతుల్లా గారు మాత్రం ఏళ్ళ తరబడి బందరు కలంకారీ మీద పరిశోధన చేస్తున్నారు. సెలవొస్తే చాలు, పెడన బస్సెక్కి వెళ్ళి అద్దకం పనివాళ్ళ పక్కన కూర్చుంటారు. తిరిగొచ్చేటప్పటికి ఆయన చొక్కా మీద కూడా పూలూ లతలూ ఉండేవి. "ఈయన థీసిస్ పూర్తయ్యేసరికి ఆ కుర్చీకి చెదలు పడతాయి" అని నేను వెక్కిరించేవాణ్ణి. కానీ లోపల భయమే.

అందుకని చవగ్గా, తొందరగా, ఇంట్లో కూర్చుని, గుర్తింపుతో సహా వచ్చే డాక్టరేటు కోసం వేట మొదలెట్టాను. ఒక యూనివర్సిటీవాళ్ళు ప్రవేశ పరీక్ష రాయమన్నారు. చెప్పేవాణ్ణి నేనైతే నాకు పరీక్షేమిటని దాన్ని కొట్టేశాను. ఇంకోచోట ఫీజు అడిగితే మా నాన్న వాటా పొలం కళ్ళ ముందు కదిలింది. చివరికి గవర్నరుపేటలో ఒక మిఠాయి దుకాణం మేడ మీద నా అదృష్టం దొరికింది. బోర్డు గది కన్నా పెద్దది. అందులో 'అంతర్జాతీయ' అన్న మాటే మూడు చోట్ల ఉంది. కింద జిలేబీ వాసన, పైన విద్యా సువాసన.

డైరెక్టరు గారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. అప్పటికే సగం పడిపోయాను.

"థీసిస్ రాయాలాండీ?" అన్నాను.

"మీ ఇష్టం మాస్టారూ. బలవంతం లేదు. రాస్తే మాత్రం బైండింగు ఖర్చు మీదే."

"మరి ఇంటర్వ్యూ?"

"ఫోన్లో అడుగుతామండీ. మీరు ఇంట్లో లేకపోతే మేడం గారు చెప్పినా పర్లేదు."

నేను ఆషామాషీ మనిషిని కాదు కదా! ముఖం గంభీరంగా పెట్టి అసలు ప్రశ్న వేశాను. "గుర్తింపు ఉందా?"

ఆయన గోడ మీద పటం చూపించారు. బంగారు రంగు అంచు, ఎర్రటి ముద్ర. చదివితే, గుర్తింపు ఇచ్చిన సంస్థ చిరునామా కూడా అదే మేడ.

"ఇదేమిటండీ, గుర్తింపు సంస్థ కూడా మీదేనా?"

"బయటోళ్ళని ఎట్లా నమ్ముతామండీ ఈ రోజుల్లో!" అన్నారాయన బాధగా.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, నాకా జవాబు సబబుగానే తోచింది. ఇక బేరానికి దిగాను. "ఆషాఢమాసమండీ! చీరలే సగం ధరకి ఇస్తున్నారు." ఆయన వినలేదు. మన ఊళ్ళో అందరికీ తెలిసిన విద్యే ప్రయోగించాను. "అయితే వస్తానండీ" అని లేచి మెట్లు దిగడం మొదలెట్టాను. పిలవలేదు. చెప్పు పట్టీ సర్దుకున్నట్టు ఆగాను. పిలవలేదు. జిలేబీ ధర అడిగినట్టు నటిస్తున్నాను, అప్పుడు పైనుంచి కేక వినబడింది. "మాస్టారూ! రండి, రండి. మీరెంతిస్తారో చెప్పండి!"

మర్నాడు స్టాఫ్ రూములో ఈ ఘనకార్యం చెబితే రహమతుల్లా గారు టీ గ్లాసు కింద పెట్టారు. "గుర్తింపు ఉందా లేదా అని వాళ్ళనే అడిగితే ఎట్లాగండీ? పెళ్ళికొడుకు బుద్ధిమంతుడా అని పెళ్ళికొడుకునే అడిగినట్టుంది." అసూయ మనిషి చేత ఎన్ని మాటలైనా అనిపిస్తుందని నేను జాలిపడ్డాను.

ఇంట్లో మా ఆవిడ రాజ్యలక్ష్మి అడిగిన ప్రశ్న వేరు. "కొసరేం ఇచ్చాడు?"

"డాక్టరేటుకి కొసరేమిటే?"

"పావుకిలో చింతపండు కొంటేనే గుప్పెడు ఎక్కువేస్తాడు. అంత పోసి కొని ఒట్టి చేతుల్తో వచ్చారా? వెళ్ళండి, వెళ్ళి అడగండి."

వెళ్ళి అడిగాను. డైరెక్టరు గారు తల గోక్కుని, ఇంకో ఖాళీ పట్టా తీశారు. "సరే, ఇంకోటి రాసిస్తా. పేరు చెప్పండి." రాజ్యలక్ష్మి పేరు రాయిద్దామని ఇంటికొచ్చి అడిగాను. "ఇంట్లో ఒక తెలివిగలాయన చాలు" అందావిడ. అప్పుడు నాకో మహత్తరమైన ఆలోచన వచ్చింది. ఇలాంటివి నాకు ఏడాదికొకటి వస్తుంటాయి, వచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి అమ్ముకుంటాం.

కరస్పాండెంటు గారికి రాంబాబు అని ఒక బావమరిది ఉన్నాడు. డిగ్రీ మధ్యలో మానేసి, ఇబ్రహీంపట్నంలో బూడిద ఇటుకల వ్యాపారం చేస్తున్నాడు. ఆ కొసరు డాక్టరేటు వాడి పేర రాయించి ఇస్తే కరస్పాండెంటు గారి భార్య సంతోషిస్తుంది, ఆవిడ సంతోషిస్తే ఆయన కాదనలేడు, కుర్చీ నా కిందకి వచ్చేస్తుంది. ఎకనామిక్స్ చదివినవాడి లెక్క!

రాంబాబు పొంగిపోయాడు. వారం తిరక్కుండా లారీ నుదుటి మీద 'డా. రాంబాబు' అని రంగుల్లో రాయించాడు. కరస్పాండెంటు గారు నన్ను వాటేసుకున్నంత పని చేసి, "మావాడికి కాలేజీలోనే సన్మానం పెడదామండీ. సన్మాన పత్రం మీరే రాసి, మీరే చదవాలి" అన్నారు. కుర్చీ మీద ఆశతో ఎంత బరువైన సంస్కృతం దొరికితే అంతా గుమ్మరించాను, ఇటుకని కూడా 'ఇష్టిక' చేశాను. 'విద్యావారిధీ! ఇష్టికా విజ్ఞాన శేఖరా!' అని మైకులో అరుస్తుంటే రాంబాబు పక్కవాణ్ణి, "నన్నేనా?" అని అడిగాడు.

శాలువా కప్పడం అయ్యాక కరస్పాండెంటు గారు మైకు అందుకున్నారు. నేను దండకి వీలుగా కాలరు సర్దుకున్నాను.

"డాక్టరేటు ఉన్నాయన్నే ప్రిన్సిపాలుని చేస్తానని మాటిచ్చాను. ఇంట్లోనే ఇంత విద్వాంసుడున్నాడని మన ఎకనామిక్స్ మాస్టారు చదివిందాకా నాకే తెలీలేదు. మా రాంబాబే మీ కొత్త ప్రిన్సిపాలు!"

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. కొట్టకపోతే ఉద్యోగం పోతుంది. ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది. పక్కనున్న రహమతుల్లా గారు నవ్వు ఆపుకోలేక జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు, తర్వాత అదే జేబురుమాలు నాకిచ్చారు. ఆ మరుసటేడు ఆయనకి అసలు సిసలు డాక్టరేటు వచ్చింది, వేరే కాలేజీవాళ్ళు ప్రిన్సిపాలుగా పిలుచుకుపోయారు. ఆయన్ని వెక్కిరించినందుకు నాకు ఈనాటికీ సిగ్గుగా ఉంటుంది.

కొత్త ప్రిన్సిపాలు గారు కుర్చీ ఎక్కిన కొద్దిరోజులకే నన్ను పిలిపించారు. ఆ కుర్చీలో అటూ ఇటూ తిరుగుతూ అన్నారు.

"మాస్టారూ, మీ డాక్టరేటుకి గుర్తింపు లేదంటగా? హైదరాబాదులో వాకబు చేయించా. రూలు రూలే. పేరు ముందు ఆ డాక్టరు తీసెయ్యండి. ఈ ఏడాది ఇంక్రిమెంటు కూడా ఆపుతున్నాం."

"మరి... తమరిది కూడా అక్కడిదే కదండీ!" అన్నాను.

రాంబాబు తిరగడం ఆపి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. "మీరు డబ్బులు పెట్టి కొన్నారు, చూసి కొనాల్సిన పూచీ మీది. నాకు మీరు ఊరికే ఇచ్చారు. దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కబెడతారా ఎక్కడన్నా?"

ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, తూర్పుకి తిరిగి, చెయ్యెత్తి ప్రమాణం చేశాను. ఈ జన్మలో మళ్ళీ దేనికీ కొసరు అడగను. కూరగాయలావిడ తనంతట తాను కరివేపాకు రెబ్బ సంచీలో వేసినా, తీసి ఆవిడ బుట్టలోనే పెడతాను. ఒకవేళ కళ్ళుగప్పి అది ఇంటిదాకా వచ్చిందే అనుకోండి, చారులో వేసుకుంటాను గానీ, చచ్చినా యజమాని బావమరిదికి మాత్రం ఇవ్వను.