ముందు వరుసలో అమ్మమ్మ కుర్చీ

నా చిన్నప్పుడు మా అమ్మమ్మను ఒక పెద్దమనిషి ఎన్నో ఆదివారాలు కుర్చీలోంచి లేపేవాడు. ఇన్నేళ్లయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. పోయినవాళ్ల మీద కోపమెందుకని మా ఆయన అంటుంటాడు. ఆయనకేం, ఎన్నయినా అంటాడు. లేచి నిలబడింది ఆయన అమ్మమ్మ కాదుగా.

మేము దేశం కాని దేశంలో, యీషున్ అనే పేటలో ఉండేవాళ్లం. తెలుగువాళ్లంతా ఊరికి ఆ చివర తంజోంగ్ పగార్ దగ్గర ఒక చర్చి హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నం ఆరాధన జరుపుకునేవారు. అమ్మమ్మకు ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం వినపడేది. ముందు వరుసలో ఎడమ చివరి కుర్చీలో కూర్చుంటే తప్ప పాస్టరుగారి మాట ఆమెకు అందేది కాదు. ఇంట్లో పిల్లలం ఇంగ్లీషులో వాగుతుండేవాళ్లం, అమ్మానాన్నలు పనుల్లో ఉండేవారు. వారం మొత్తంలో ఆమె చెవిన తెలుగులో పడే నాలుగు మంచి మాటలు అక్కడివే. వాటికోసం నన్ను వెంటేసుకుని బస్సులు మారి, అందరికంటే ముందే వచ్చి కూర్చునేది.

ఆ పెద్దమనిషి మా సంఘపెద్ద. రాఫెల్స్ ప్లేస్‌లో పెద్ద ఉద్యోగం, ఇస్త్రీ నలగని చొక్కా. తన ఆఫీసు స్నేహితులెవరైనా వస్తే చాలు, అమ్మమ్మ దగ్గరికొచ్చి నవ్వుతూ, "కొంచెం వెనక్కెళ్లండమ్మా, విశ్వాసికి తగ్గింపు ఉండాలి కదా" అనేవాడు. చర్చి భాషలో తగ్గింపంటే వినయం. ఆమె వెంటనే లేచేది. వెనక తలుపు దగ్గర కూర్చుని, వినపడని ప్రసంగానికి తలాడిస్తూ ఉండేది. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఇంటికొచ్చాక "ఇవాళ ఏం చెప్పారే?" అని నన్నడిగేది. నాకొచ్చిన ముక్కల తెలుగులో నేనేం చెప్తాను నా మొహం. అసలు ఈ తగ్గింపు గురించి ఎప్పుడూ తగ్గి ఉన్నవాళ్లకే ఎందుకు చెప్తారో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు.

పాస్టరుగారి భార్యను అందరం పాస్టరమ్మగారు అనేవాళ్లం. బైబిలు కాలేజీలో భర్త పక్కనే కూర్చుని హీబ్రూ చదువుకున్న మనిషి. అయినా ఆమెను ఎవరూ మాట్లాడమనేవారు కాదు, టీ మాత్రం పెట్టమనేవారు. ఒక ఆదివారం తలుపు దగ్గర అమ్మమ్మను చూసి, ఇక్కడెందుకు కూర్చుందని నన్ను అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె ముఖం ఎర్రబడింది.

మళ్లీ ఆదివారం మేము వెళ్లేసరికి ఆమె గుమ్మంలోనే ఉన్నారు. అమ్మమ్మను వంటగదిలో కూర్చోబెట్టి, పాస్టరుగారి పెద్ద నల్ల గొడుగు తీసుకెళ్లి ఆ చివరి కుర్చీ మీద అడ్డంగా పెట్టారు. ఈ ఊళ్లో హాకర్ సెంటర్‌కి, అంటే తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాలుకి, వెళ్లేవాళ్లకు అదేమిటో చెప్పనక్కర్లేదు. తిండి తెచ్చుకునేలోపు సీటు పోకుండా గొడుగో రుమాలో పెట్టి, ఇక్కడి మాటలో చోప్ చేసి, వెళ్తారు. ఎంత ఆకలి మీదున్నవాడైనా దాన్ని కదపడు.

సంఘపెద్ద వచ్చాడు, వెంట స్నేహితుడి కుటుంబం. ఆ స్నేహితుడు గొడుగు తీసి కూర్చోబోయాడు. మా పెద్దమనిషే ఈ ఊరి యాసలో ఆపాడు. "అది చోప్ చేశారు లా. ఎవరో పెద్దవాళ్లదై ఉంటుంది." అని, వెనక గదిలోకి పోయి, మడత కుర్చీ ఒకటి తెచ్చి వేశాడు. ఇన్నాళ్లూ అక్కడ కుర్చీలున్నాయి. ఆయనకు చేతులూ ఉన్నాయి. నాకు ఒళ్లు మండటం ఆ క్షణాన మొదలైంది.

అప్పుడు పాస్టరమ్మగారు అమ్మమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, గొడుగు తీసి కూర్చోబెట్టారు. ఆయన ముఖం మాడిపోయింది. అలవాటుగా తగ్గింపు మాట ఎత్తాడు. అమ్మమ్మ లేవబోయింది. పాస్టరమ్మగారు ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపారు. ఆయన వైపు తిరిగారు.

"తగ్గింపుకి హీబ్రూలో అనావా అంటారు అన్నగారూ. మోషేకి ఉన్నది అదే. ఆయన రాజు ముందు నిలబడి తన జనాన్ని వదలమన్నాడు గానీ వెనక్కెళ్లి కూర్చోలేదు. నాకు చదువు చెప్పినాయన దాని అర్థం ఇలా చెప్పారు. దేవుడు నీకిచ్చిన చోట్లో నువ్వుండాలి. ఒక జానెడు ఎక్కువ తీసుకోకూడదు, ఒక జానెడు తక్కువా తీసుకోకూడదు. ఈమె చోటు ఇది. మీరు ఇన్నాళ్లూ ఎవరి చోట్లో ఉన్నారో చూసుకోండి."

అమ్మమ్మకు ఆ మాటలు వినపడ్డాయి, ముందు వరుసలో ఉంది కాబట్టి.

తర్వాతి ఆదివారం అమ్మమ్మ తన గొడుగే తెచ్చుకుని కుర్చీ మీద పెట్టుకుంది. నాకు ఎక్కడలేని పొగరూ వచ్చి, పక్క కుర్చీ మీద నా రుమాలు పరిచాను. ఆమె దాన్ని తీసి, మడిచి, నా చేతిలో పెట్టింది. "నీ చెవులు బాగానే ఉన్నాయి కదే. వెనక్కెళ్లు" అంది.

అప్పుడు ఆమె మీదా కోపమొచ్చింది. కానీ వెళ్లాను. వినపడినన్నాళ్లూ ఏ హాల్లోనైనా వెనకే కూర్చున్నాను. ఈమధ్య నా ఎడమ చెవి మందగించింది. ఇప్పుడు గొడుగు పట్టుకెళ్లి ముందు వరుసలో చివరి కుర్చీలో కూర్చుంటున్నాను. ఎవరినైనా వచ్చి నన్ను లేపమనండి, చూస్తాను.